అక్క ఆగమన్న చోట్లు

మట్టిని మనిషిగా మలిచి అందులో ఊపిరి నింపిన దేవునికి స్తోత్రం. ఆ ఊపిరి ముక్కులోంచి వచ్చినా, గొంతు కింద వైద్యులు చేసిన చిన్న ద్వారంలోంచి వచ్చినా, అది ఆయనదే. మాట ఇచ్చినవాడు ఆయనే. మాట తీసుకున్నాక కూడా మనిషిని విడిచిపెట్టనివాడు ఆయనే. జరిగింది చెప్పకముందే ఆయన నామానికి ఘనత కలగాలి.

మా సంఘంలో సాక్ష్యం ఇలాగే మొదలవుతుంది. ఈ పద్ధతి మాకు నేర్పింది మా నాన్న. ఆయన ఊళ్లో ఉపదేశి. అంటే పాస్టరుగారు రాని ఆదివారాల్లో వాక్యం చెప్పి, పిల్లలకు కీర్తనలు, వాక్యాలు కంఠతా పట్టించే మనిషి. ప్రకాశం జిల్లా వైపు పత్తి చేలు, మిరప చేల మధ్య ఉన్న ఊరు మాది. చర్చి చిన్నది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్లం. ప్రసంగం అయ్యాక సాక్ష్యాలు. మేలు పొందినవాళ్లు లేచి ముందుకు వచ్చి, బల్ల పక్కన నిలబడి, ఒక మాట చెప్పి ఆగాలి. ఆ ఆగినచోట సంఘం "స్తోత్రం" అనో "ఆమేన్" అనో జవాబు చెప్పాలి. ఆ తర్వాతే రెండో మాట.

కొందరు భయంతో, కొందరు ఉత్సాహంతో ఆగకుండా చెప్పుకుపోయేవాళ్లు. నాన్న వాళ్లను మధ్యలోనే ఆపేసేవాడు.

"ఏమ్మా, రైలేమన్నా దాటిపోతందా? జనానికి నోరు తెరిచే సందన్నా ఇవ్వు. వాళ్లు ఆమేన్ అనకపోతే అది నీ ఒక్కదాని మాటే అవుద్ది."

నాన్న పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. ఒకరి సాక్ష్యం మరొకరు చెప్పకూడదు. "మా ఆయనకు నయమైంది, సిగ్గుపడుతున్నాడు, నేను చెబుతాను" అని ఎవరన్నా అంటే ఒప్పుకునేవాడు కాదు. ఎవరు పొందారో వాళ్లే, వాళ్ల నోటితోనే చెప్పాలి. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ నియమం మాత్రం సంఘంలో ఇప్పటికీ అలాగే ఉంది. నోరు లేనివాళ్ల సంగతేమిటని అప్పట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం మా ఇంటికే వస్తుందని మాకు తెలియదు.

మా అక్క గొంతు ఆ సంఘానికంతటికీ గొంతు. పాట ఎత్తాలంటే అక్కే ఎత్తాలి. మైకు పెట్టిన రోజు పాస్టరుగారు దాన్ని ఆమెకు దూరంగా జరిపించేవారు. ఆమెది అదే ఊరిలో కాపురం. బావ కౌలుకు పొలం తీసుకుని మిరప వేస్తాడు. కోత రోజుల్లో ఆమె గట్టు మీద నిలబడి కూలీలను పిలిస్తే బావ నవ్వేవాడు.

"మీ అక్క ఒక్క కేకేసిందంటే పక్కూరోళ్లు కూడా మన చేలోకొచ్చి పడతారమ్మా. కూలి నేనియ్యలేక చావాలి."

ఆ గొంతు మెల్లగా బొంగురుపోయింది. కల్లంలో మిరపకాయల ఘాటు వల్ల అనుకున్నాం. మిరప ఎండే రోజుల్లో ఊళ్లో దగ్గనివాళ్లెవరు? పంట అమ్మకానికి యార్డుకు వెళ్లిపోయింది, ఊరంతా దగ్గడం మానేసింది, అక్క మానలేదు. గుంటూరు ఆసుపత్రిలో పరీక్షలు చేసి, గొంతులో పుండు ఉందని, అది మామూలు పుండు కాదని చెప్పారు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు. మాట ఉండదు. మెడ కింద చేసే ద్వారంలోంచి ఊపిరి తీసుకోవాలి.

ఆపరేషన్‌కు ముందు రోజు అక్క నా చెయ్యి పట్టుకుంది. అప్పటికి ఆమెకు మిగిలింది గరగరమనే కాస్త గొంతు.

"నేను లేచి తిరిగితే సంఘంలో నిలబడి నా నోటితో సాక్ష్యం చెబుతానని దేవుడికి మాటిచ్చానే. నువ్వు విన్నావు కదా. గుర్తుంచుకో."

"అక్కా, గొంతు తీసేస్తారని డాక్టరుగారు చెప్పారు కదే."

"ఆ సంగతి ఆ దేవుడే చూసుకుంటాడు. మాటిచ్చింది నేను."

నేను ఆమె నోట విన్న చివరి మాటల్లో అవి ఉన్నాయి. వాటి తర్వాత దాహం గురించి, బావ భోజనం గురించి చిన్న చిన్న మాటలు కొన్ని.

దేవుని కృప వల్ల ఆమె లేచింది. తిండి మెల్లగా పట్టింది. కానీ ఇంటికి వెళ్లడానికి వీల్లేకపోయింది. పరీక్షలు, ఆపరేషన్ అయ్యేసరికి మళ్లీ మిరప ఎండే కాలం వచ్చింది. మా ఊళ్లో చర్చి చుట్టూ, ఇళ్ల చుట్టూ కల్లాలే. ఎర్రగా పరిచిన కాయల మీదుగా గాలి వీస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కళ్లే మండుతాయి. మనకు ముక్కు ఉంది, దుమ్మును వడగడుతుంది. ఆమెకు గాలి నేరుగా గొంతు ద్వారంలోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టరుగారు ఊరి పేరు కూడా అడగలేదు. మిరప ఎండే చోటికి వద్దు, అంతే అన్నారు.

అందుకని నేను కాపురముంటున్న చిలకలూరిపేటకు, మా ఇంటికి తెచ్చుకున్నాం. ఇక్కడ మిరప దుమ్ము లేదు గానీ, మా వీధి వెనకే పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు. దూది పోగులు గాలిలో తేలుతూ వచ్చి కిటికీ ఊచలకు పట్టుకుంటాయి. కిటికీలకు తడిగుడ్డలు కట్టాను. ఆమె మెడ దగ్గర ఎప్పుడూ తడిపి పిండిన పలుచటి తెల్లగుడ్డ ఉండేది. అక్క ఐదో తరగతి దాకా చదివింది. ఒక పలక, బలపం కొని ఇచ్చాను. పెదవులు కదిపితే నాకు చాలావరకు అర్థమయ్యేది. అర్థం కానప్పుడు పలక.

ఆ పలక మీద తరచుగా కనపడే మాట ఒకటుండేది. పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళ్తే, మంచం పట్టె మీద ఆనించిన పలక మీద అదే.

"మాటిచ్చాను."

దేవునికిచ్చిన మాట చిన్న సంగతి కాదని మేమిద్దరం ఒకే మనిషి దగ్గర నేర్చుకున్నాం. నేను సంఘానికి వెళ్లి ఆమె బదులు చెప్పడానికి వీల్లేదు. ఆమె చెప్పడానికి గొంతు లేదు. వెళ్లి నిలబడదామన్నా ఆ చర్చి చుట్టూ మిరపకాయలు.

అప్పుడే ఆ ఆన్‌లైన్ పత్రిక ప్రకటన చూశాను. విశ్వాసులు నడిపే పత్రిక. శుక్రవారం శుక్రవారం వస్తుంది. మా ఊరి ఆడవాళ్లందరూ దాన్ని వాట్సాప్ గ్రూపులో ఒకరికొకరు పంపుకుని చదువుతారు. అందులో కృతజ్ఞతా సాక్ష్యాలు పంపమని అడిగారు. అక్కకు చదివి వినిపించాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. తన పేరుతో, తన మాటలుగా వస్తే అది తన సాక్ష్యమే. సంఘంలో ఆడవాళ్లంతా చదువుతారు. నాన్న నియమమూ తప్పదు. పలక మీద రాసింది.

"పంపుదాం."

ప్రకటన కింద నియమాలు ఉన్నాయి. సాక్ష్యం పొడవు ఇంతకు మించకూడదు. అక్షరాలు యూనికోడ్‌లో ఉండాలి. ప్రారంభ స్తుతి ఒక వాక్యానికి మించకుండా నేరుగా జరిగిన సంగతిలోకి రావాలి. పేరాల మధ్య ఖాళీ వరుసలు వదలకూడదు. చివర ప్రార్థన మనవి వద్దు, అది అందరూ ఒకేలా రాస్తున్నారు. అన్నిటికన్నా కింద, ఇది నా సొంత సాక్ష్యమని ధ్రువీకరిస్తూ గడిలో టిక్కు పెట్టాలి.

ఒక్కొక్కటీ చదువుతుంటే అక్క తలూపుతూ వచ్చింది. స్తుతి ఒక వాక్యమేనన్న చోట మాత్రం తల ఊగడం ఆగింది. తర్వాత సర్దుకుంది.

రాయడం మొదలుపెట్టాం. ఆమె పెదవులతో చెప్పేది. నేను కాగితం మీద పెట్టి తిరిగి చదివేదాన్ని. నచ్చకపోతే చెయ్యి అడ్డంగా ఊపేది. ఒక మాట పూర్తికాగానే మంచం పట్టె మీద వేలి కణుపులతో టక్ టక్‌మని కొట్టేది. మొదట నీళ్లు కావాలేమోనని లేచాను. కాదు. ఇంకోసారి కొట్టి, చేతులు రెండూ జనం వైపు చాపినట్టు చాపింది. అప్పుడు అర్థమైంది. అది సంఘం ఆమేన్ అనే చోటు. అక్కడ ఆగాలి.

కాగితం మీద ఆగడం ఎలా? నేను ఒక వరుస ఖాళీ వదిలాను. అక్క చూసి సంతోషించింది. అలా ఆమె కొట్టిన ప్రతిచోటా ఒక ఖాళీ వరుస. నియమం గుర్తుకు రాక కాదు. సాక్ష్యమన్నాక సంఘానికి చోటు ఉండాలి కదా, పత్రికవాళ్లూ విశ్వాసులే కదా, అర్థం చేసుకుంటారనుకున్నాను. చిన్నప్పటి నుంచి అలవాటైన పద్ధతి లోకమంతటా ఉంటుందని మాలాంటివాళ్లం అనుకుంటాం.

ఆమె చెప్పినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

"ఆపరేషన్ గదిలోకి వెళ్లేటప్పుడు నోట్లో ఒక పాట ఉంది. బయటికొచ్చాక అది నోట్లో లేదు, ఛాతీలో ఉంది."

టక్ టక్.

"నీళ్లు అడగలేకపోయాను. పక్క మంచం ఆమె నా కళ్లు చూసి నర్సును పిలిచింది. ఆమెది మన విశ్వాసం కాదు. ఆమె చేత దేవుడు నా కోసం కేక వేయించాడు."

టక్ టక్.

"నాకు దేవుని మీద కోపం వచ్చింది. ఉన్న గొంతంతా ఆయన పాటలకే ఇచ్చాను, దాన్నే ఎందుకు తీసుకున్నావని అడిగాను. గట్టిగా అడుగుదామంటే గొంతు లేదు."

టక్ టక్.

నేను పెన్ను ఆపేశాను. "ఇక్కడెందుకే అక్కా? కోపమొచ్చిందన్నచోట స్తోత్రమంటారా ఎవరన్నా?"

ఆమె నా వైపు చూసి ఇంకాస్త గట్టిగా కొట్టింది. టక్ టక్. సరే, ఖాళీ వదిలాను.

కాగితం తీసుకుని హైవే పక్కన డీటీపీ షాపుకు వెళ్లాను. పెళ్లి కార్డులు, వర్ధంతి కార్డులు, నాయకుల ఫ్లెక్సీలు వేసే షాపు అది. నడుపుతున్నాయన నడివయసు మనిషి, మాటకారి. నా కాగితం చూసి కళ్లజోడు పైకి నెట్టాడు.

"ఈ ఖాళీలేంటమ్మా మజ్జిమజ్జిలో? చూసినోళ్లు నేను కంపోజింగు తప్పు చేశాననుకుంటారు."

"అక్కడ జనం ఆమేన్ అంటారండి."

"ఏ జనం? ఇది కాయితం కదమ్మా."

"ఆ జనం కోసమే చోటు."

ఆయన కాగితాన్ని మళ్లీ ఒకసారి చూశాడు. "సర్లెండి. పెళ్లి కార్డులో వినాయకుడి బొమ్మకి చోటొదుల్తాం కదా, అట్టనే వదుల్తా. ఎవరి దేవుడికి చోటు వాళ్లొదులుకోవాలి" అని నవ్వి, చకచకా కొట్టేశాడు. అచ్చు తీసి చూపించాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అదే నా మెయిలుకు పంపాడు.

ఇంటికొచ్చి దాన్ని పత్రికవాళ్ల పేజీలో అతికించాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, ప్రశ్న గుర్తులు, ఏవో కొక్కేలు. అక్క తొంగి చూసి, పెదవులతో "ఇది నేను చెప్పిందా?" అంది. షాపాయనకు ఫోన్ చేశాను.

"అయ్యో, అది ప్రెస్సు ఫాంటమ్మా. కార్డు మీదికైతే బెమ్మాండంగా ఉంటది, నెట్టు దాన్ని చదవలేదు. వాళ్లకి యూనికోడ్ కావాలేమో. చెప్పలేదా మీకు?"

"రాశారండి. అదేంటో నాకు తెలిస్తే కదా."

"మీకు తెలవక, నేను అడక్క. పోన్లెండి, షాపు చుట్టూ తిరగటం దేనికి? మీ ఫోన్లో మైకు బొమ్మ ఉంటది చూడండి. అది నొక్కి మాట్టాడండి, అదే తెలుగులో కొట్టుకుంటా పోద్ది. టైపింగు రానక్కర్లేదు. గొంతుంటే చాలు."

ఆయనకు మా ఇంటి సంగతి తెలియదు. మంచి మనసుతోనే చెప్పాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అక్క విన్నది.

నేను మైకు బొమ్మ ఎక్కడుందో వెతుకుతుంటే అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. బొమ్మ నొక్కింది. పెదవుల దగ్గర పెట్టుకుంది. ఆమె పెదవులు కదిలాయి, మెడ దగ్గరి గుడ్డ ఊపిరికి పైకీ కిందికీ ఆడింది. ఫోన్ మీద బొమ్మ కాసేపు వెలుగుతూ ఎదురుచూసింది. ఒక చిన్న చప్పుడు చేసి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించమని తెర మీద వచ్చింది. అక్క మళ్లీ నొక్కింది. ఈసారి నోరు ఇంకా పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. నేను చదవగలిగాను. "దేవునికి స్తోత్రం" అంటోంది. తెర తెల్లగానే ఉంది. మళ్లీ ప్రయత్నించండి.

ఫోన్‌ను నా ఒళ్లో పెట్టింది. ఏడవలేదు. మెడ దగ్గరి గుడ్డ తీసి, గిన్నెలో నీళ్లలో ముంచి, పిండి, మళ్లీ కట్టుకుంది. తర్వాత పలక తీసుకుంది.

"నువ్వు చెప్పు."

"నాన్న ఒప్పుకోడు కదే."

ఆమె చెరిపి రాసింది. "చెప్పేది ఫోనుకి. సంఘానికి కాదు."

అంత బాధలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. నాన్న ఉంటే ఏమనేవాడో గానీ, మాకు ఆ మాట సరిగ్గానే తోచింది. ఆమె పెదవులు చూస్తూ నేను గొంతు ఇచ్చాను. నా గొంతు సన్నం. అక్క మాటలకు అది చాలినట్టు నాకు అనిపించలేదు. వెనక రోడ్డు మీద పత్తి లారీ హారన్ కొడితే ఆగి, పోయాక మళ్లీ చెప్పాం. ఆమె టక్ టక్ అన్నచోట నేను ఊరుకుంటే ఫోన్ కూడా వినడం మానేసి ఆగిపోయేది. మళ్లీ నొక్కి, ఒక వరుస వదిలి, ముందుకు వెళ్లేవాళ్లం. అలా పూర్తయింది.

చివర టిక్కు పెట్టే గడి. ఇది నా సొంత సాక్ష్యమని ధ్రువీకరిస్తున్నాను. నా వేలు దాని మీదికి వెళ్లి ఆగింది. గొంతు నాది, మాట ఆమెది. అబద్ధ సాక్ష్యం ఎంత పాపమో చిన్నప్పుడే కంఠతా పట్టినదాన్ని. ఫోన్ అక్కకు ఇచ్చాను. ఆమె గడినంతా చదివింది. కళ్లు మూసుకుని కాసేపు ఉండి, తన వేలితో తనే టిక్కు పెట్టింది, పంపమన్న బొత్తాము కూడా తనే నొక్కింది.

కొన్నాళ్లకు పత్రిక సంపాదకుడు ఫోన్ చేశారు. పెద్దవయసు గొంతు, నెమ్మదైన మాట. స్పీకర్ పెట్టి అక్క పక్కన కూర్చున్నాను.

"అమ్మా, మీ అక్కగారి సాక్ష్యం చదివామండి. మనసుకు హత్తుకుంది. కానీ మధ్యమధ్యలో కొన్ని వాక్యాలు పోయినట్టున్నాయి. పూర్తి ప్రతి ఇంకోసారి పంపగలరా?"

"ఏమీ పోలేదండి. అక్కడ సంఘం జవాబు చెప్పాలి. అందుకని వదిలాం."

ఆయన నవ్వారు. "మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లోనూ ఇంతేనమ్మా. ఆగకపోతే ఊరుకునేవాళ్లు కాదు. మర్చేపోయాను." అంతలోనే అసలు సంగతికి వచ్చారు. "అయితే ఒక ఇబ్బందండి. ఫోన్లలో చదివేవాళ్లు ఖాళీ కనపడితే అయిపోయిందనుకుని మూసేస్తారు. మా పేజీ కూడా ఖాళీ వరుసల్ని దానంతటదే మూసేస్తుంది. ఆ చోట్ల 'ఆమేన్' అని వేసేద్దామా? ఆ కోపం వచ్చిందన్న చోట తప్ప మిగతా అంతా బాగానే అతుకుతుంది."

నాకు సబబుగానే తోచింది. అక్క వైపు చూశాను. ఆమె అప్పటికే పలక మీద రాస్తోంది.

"వాళ్లు అనలేదుగా."

చదివి వినిపించాను.

"అంటారు కదమ్మా, ఎందుకనరు?" అన్నారాయన.

అక్క కింద ఇంకో వరుస రాసింది.

"అన్నప్పుడు రాద్దాం."

సంపాదకుడు గట్టిగా నవ్వారు. కానీ నవ్వాక ఆయన గొంతు మారింది. "ఆమె అన్నది నిజమేనమ్మా. అనని ఆమేన్‌ను నేను రాయకూడదు. కానీ ఖాళీలు మాత్రం నిలబెట్టలేను. కలిసిపోతాయి. పర్లేదా అడగండి."

అక్క చాలాసేపు కిటికీకి కట్టిన తడిగుడ్డ వైపు చూసింది. తర్వాత తలూపింది.

తర్వాతి శుక్రవారం వచ్చింది. అక్క పేరు, మెడకు తెల్లగుడ్డతో అక్క ఫొటో. కింద సాక్ష్యం. తప్పు ఒక్కటీ లేదు. కానీ వాక్యం మీద వాక్యం ఒరుసుకుంటూ, ఎక్కడా ఊపిరి లేకుండా, పైనుంచి కిందికి ఒకటే పరుగు. పాట ఛాతీలో ఉందన్న మాట ముగియకముందే నీళ్ల మాట, అది ముగియకముందే కోపం. నాన్న ఉంటే మధ్యలో ఆపేసేవాడు.

ఊళ్లో మాత్రం పండగలా ఉంది. బావ ఫోన్ చేశాడు.

"ఊరంతా చదివారమ్మా! తొడిమలు తీసే ఆడోళ్లయితే కల్లంలో ఒకళ్లు చదవటం, అందరూ ఇనటం. ఏడ్చారంట కూడా. మీ అక్కకి చెప్పు, ఇంక మాట తీరినట్టేనని."

చెప్పాను. అక్క సంతోషించింది. అది నిజం. కాని మర్నాడు పలక మీద అంచు నుంచి అంచు దాకా రాసి ఉంది.

"నేను చెప్పినప్పుడు వాళ్లు లేరు. వాళ్లు చదివినప్పుడు నేను లేను."

ఆ రోజు నుంచి ఆమె పలక మీద ఆ సంగతి రాయడం మానేసింది. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

ఎండలు ముదిరాయి. మిరప టిక్కీలు, అంటే కాయలు తొక్కి నింపిన బస్తాలు, లారీలెక్కి యార్డుకు, కోల్డ్ స్టోరేజీలకు వెళ్లిపోయాయి. కల్లాలు ఊడ్చేశారని బావ చెప్పాడు. ఒక సాయంత్రం గాలీ వానా వచ్చి మిగిలిన దుమ్మును కడిగేసింది. డాక్టరుగారు ఒక్కరోజుకు వెళ్లి రావచ్చన్నారు. ఆదివారం పొద్దున్నే కారులో అద్దాలు బిగించుకుని బయల్దేరాం. సంఘాన్ని కళ్లతో చూసి వస్తుంది, అంతే అనుకున్నాను.

అక్క లోపలికి రాగానే ఆడవాళ్లందరూ లేచారు. ముట్టుకోవాలని చేతులు చాపి, ముట్టుకోవచ్చో లేదో తెలియక ఆగారు. అక్కే వాళ్ల చేతులు పట్టుకుంది. పాట వేరే ఆమె ఎత్తింది. అక్క పెదవులు పాటంతా కదిలాయి. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు ఎప్పటిలాగే అడిగారు.

"సాక్ష్యం ఉన్నవాళ్లెవరన్నా ఉన్నారా?"

అక్క లేచింది. నా ఫోన్ తీసుకుంది. నడిచి వెళ్లి బల్ల పక్కన నిలబడింది.

అందరూ నా వైపు చూశారు. నాన్న ఉన్నప్పటి నుంచి ఉన్న సంఘ పెద్ద ఒకాయన కూడా నా వైపే చూశాడు. "నువ్వు చెబుతావా అమ్మా?"

"నేను చెప్పకూడదు కదండీ" అన్నాను.

"అదీ నిజమే" అని ఆయన తల దించుకున్నాడు.

అక్క ఫోన్ పైకెత్తి తెర చూపించింది. తన సాక్ష్యం వచ్చిన పేజీ. తర్వాత ఆడవాళ్ల వైపు వేలు చూపి, వాళ్ల చేతుల వైపు చూపింది. మా చర్చిలో ఫోన్లు తెరవడం నిషేధం. ఆడవాళ్లు పాస్టరుగారి వైపు చూశారు. ఆయన తనే జేబులోంచి తన ఫోన్ తీశారు. అంతే. చాపల మీద అందరూ వెతుక్కుని ఆ పేజీ తెరిచారు. ఫోన్ లేనివాళ్లు పక్కవాళ్ల భుజం మీదుగా వంగారు.

అక్క పెదవులు కదిపింది. మెడ దగ్గరి గుడ్డలోంచి సన్నటి గాలి చప్పుడు, అంతే. జనం ఒక కన్ను ఆమె పెదవుల మీద, ఒక కన్ను అక్షరాల మీద పెట్టి వెంట నడిచారు. ఆమె దేవునికి స్తోత్రం చెప్పింది. ఆగింది. బల్ల మీద కణుపులతో కొట్టింది.

టక్ టక్.

ఎవరికీ అర్థం కాలేదు. తెర మీద అక్కడ ఖాళీ లేదు కదా, వాళ్ల కళ్లు కింది వరుసకు వెళ్లిపోయాయి. అక్క ముందుకు వెళ్లలేదు. మళ్లీ కొట్టింది. నేను నోరు తెరవబోయి ఆపుకున్నాను. అప్పుడు ఆ సంఘ పెద్ద తలెత్తి చూసి, "స్తోత్రం" అన్నాడు. నాన్న ఆపిన సాక్ష్యాలన్నీ విన్న మనిషి. ఆయన వెనకే చర్చి అంతా "స్తోత్రం" అంది.

అక్కడి నుంచి అందరికీ ఆగడం తెలిసింది. పాట ఛాతీలో ఉందన్న చోట ఆమేన్. పక్క మంచం ఆమె కేక వేసిందన్న చోట ఆమేన్. కళ్లు పేజీ మీద ముందుకు పరుగెత్తకుండా జనం వేళ్లు పెట్టుకుని ఆగారు.

తర్వాత కోపం మాట వచ్చింది. దాన్నే ఎందుకు తీసుకున్నావని అడిగాను. అడుగుదామంటే గొంతు లేదు.

టక్ టక్.

ఎవరూ ఏమీ అనలేదు. కోపానికి ఏం జవాబు చెప్పాలో మాలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పాస్టరుగారు ఫోన్ వైపే చూస్తున్నారు. అక్క రెండోసారి కొట్టలేదు. బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది. తొందరేమీ లేనట్టు, మాకు నోరు తెరిచే సందు ఇచ్చి నిలబడింది.

మగవాళ్ల వైపు, వెనక గోడ దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఆమేన్."

బావ. చర్చిలో ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. చేలో ఎంత మాటకారో ఇక్కడ అంత మౌనం. ఎప్పుడూ చివరన కూర్చుని, పాట కూడా లోపలే పాడుకుని వెళ్లే మనిషి. ఆ మాట సగంలో విరిగింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆయన కూడా అదే ప్రశ్న అడిగి ఉంటాడని నాకు అప్పుడే తట్టింది. ఆయన వెనక అందరూ అన్నారు, కేకలా కాదు, మెల్లగా, తలలు వంచుకుని. అక్క కళ్లు మూసుకుని విన్నది. తర్వాత మిగిలినది చెప్పి ముగించి, వచ్చి నా పక్కన కూర్చుంది. పలక కారులోనే ఉండిపోయింది. నా అరచేతిలో వేలితో రాసింది.

"అయింది."

తిరిగి వచ్చేటప్పుడు, సంపాదకుడికి అక్క ఇచ్చిన జవాబు గుర్తొచ్చి అడిగాను. "అన్నారు కదక్కా. ఇప్పుడు రాయమందామా ఆమేన్‌లు?" అక్క తల అడ్డంగా ఊపింది. చదివేవాళ్లు ఎప్పటికప్పుడు వాళ్లే అనాలని నాకు అర్థమైంది. ఆ పేజీ అలాగే ఉంది.

ఇది నా సాక్ష్యం, అక్కది కాదు. ఆమెది ఆమె చెప్పుకుంది. నేను చూసింది నేను చెప్పాను. అక్కకు త్వరలో మళ్లీ పరీక్షలున్నాయి. కాయ మళ్లీ కల్లానికి వచ్చేనాటికి ఆమె ఊపిరి ఎలా ఉంటుందో ఆయనకే తెలుసు. చదువుతున్నవారు ఏ ఊళ్లో ఉన్నా, ఏ సంఘంలో ఉన్నా, ఒక్క నిమిషం ఇక్కడ ఆగి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఆ చిన్న ద్వారం దగ్గర నీవే కావలి ఉండు. మా సోదరి ఊపిరిని కాపాడు. మాట లేనివారి మాట వినే చెవులు మాకివ్వు. మా కోపాన్ని కూడా నీ సన్నిధిలో నిలబడనివ్వు.

మీరు జవాబు చెప్పడానికి కింద ఒక వరుస వదులుతున్నాను.